విండోస్ వేసి ఎన్నేళ్ళయింది? కంప్యూటరు చెప్పే తేదీ వెనక చరిత్ర

ఈసారి పంట గురించి కాదు, కంప్యూటరు గురించి. కొంచెం పెద్ద పోస్టు. నీళ్ళు పెట్టేసి వచ్చాక తీరిగ్గా చదవండి.

ఎద్దుని కొనేటప్పుడు అమ్మేవాడి మాట ఒక్కటే నమ్మం కదా. నోరు తెరిచి చూస్తాం. రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, ఆరు పళ్ళా అని లెక్కపెడతాం. పాత ట్రాక్టరైతే ఆర్సీ చూస్తాం, అవర్ మీటర్ చూస్తాం. మీటర్ మార్చారేమో అని టైర్లు, క్లచ్ పెడలు అరిగిన తీరు కూడా చూస్తాం. మరి ఇప్పుడు ఊళ్ళల్లో పాత కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు కొంటున్నారు. పిల్లల చదువుకని ఒకరు, సంఘం లెక్కలకని ఒకరు. పది పదిహేను వేలు పోసి కొనేచోట అమ్మేవాడు స్క్రీన్ మీద ఒక తేదీ చూపిస్తాడు. "ఇన్‌స్టాల్డ్ ఆన్ అని ఉంది చూడండి, పోయినేడాదే. ఏడాది వాడిన సిస్టమ్ అండీ" అంటాడు.

ఆ తేదీ అబద్ధం కాకపోవచ్చు. కానీ అది ఆ పెట్టె వయసు కాదు. చాలాసార్లు అందులో విండోస్ మొదటిసారి వేసిన రోజు కూడా కాదు. కొత్త పట్టాదారు పాసుపుస్తకం మీద ఉన్న తేదీ చూసి ఆ పొలం మనకి ఆ రోజే వచ్చిందనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఆ తేదీ ఎక్కడి నుంచి వస్తుంది, ఎప్పుడు మారుతుంది అనేది తెలియాలంటే కంప్యూటర్లు కాలాన్ని లెక్కపెట్టడం ఎలా నేర్చుకున్నాయో కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి.

లెక్క ఎక్కడి నుంచి మొదలు?

మన పెద్దవాళ్ళకి పుట్టిన తేదీలు తెలియవు. "ఉప్పెనప్పుడు మా పెద్దోడు చంకలో పిల్లాడు" అంటారు. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబర్ 19న. దాన్ని గుర్తు పెట్టుకుని ముందూ వెనకా లెక్క కడతాం. రెవెన్యూ వాళ్ళది ఇంకో లెక్క. అడంగల్లో ఫసలీ అని రాస్తారు. ఫసల్ అంటే పంట. అక్బర్ కాలంలో శిస్తు వసూలు పంటతో కలిసి రావాలని పెట్టిన లెక్క అది. ఫసలీ సంఖ్యకి 590 కలిపితే ఆ ఏడాది మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1435 అంటే 2025 జూలై 1 నుంచి 2026 జూన్ 30 దాకా. ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నారో తెలియనివాడికి 1435 అని చూపిస్తే ఏ కాలమో అర్థం కాదు.

కంప్యూటరుది కూడా అదే పద్ధతి. దానికి నెలలు, తిథులు తెలియవు. ఒక రోజుని గుర్తుగా పెట్టుకుని అక్కడి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెడుతుంది. ఆ సంఖ్యని తేదీగా మార్చి మనకి చూపిస్తుంది.

అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనా కేంద్రం ఉండేది. 1969లో అక్కడ కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, వాళ్ళతో పనిచేసేవాళ్ళు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టారు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటర్లో మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము. విండోస్ కూడా అలాంటిదే. 1971 నవంబర్లో యూనిక్స్ మొదటి మాన్యువల్ వచ్చింది. అప్పటి లెక్క 1971 జనవరి 1 నుంచి, సెకనులో 60వ వంతు చొప్పున. కానీ వాళ్ళు కేటాయించిన గడిలో 429 కోట్ల దాకానే అంకె పడుతుంది. అంత సన్నగా లెక్కపెడితే రెండుంపావు ఏళ్ళకే గడి నిండిపోతుంది. కొలపాత్ర చిన్నదైతే రాశి పొంగిపోయినట్టు. అందుకని మొదలుపెట్టే రోజుని కొన్నిసార్లు మార్చి, చివరికి పూర్తి సెకన్లలోకి దిగారు. మొదలుని 1970 జనవరి 1గా ఖాయం చేశారు. ఆ రోజు ఏదో గొప్ప సంఘటన జరిగిందని కాదు, లెక్కకి వీలుగా ఉందని పెట్టుకున్నారు.

మన చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ ఇప్పటికీ ఈ లెక్కలోనే నడుస్తుంది. పాత ఫోను చాలాకాలం మూలన పడేసి, సిమ్ లేకుండా ఆన్ చేస్తే 1970 జనవరి 1 అని కనపడటం మీలో కొందరు చూసే ఉంటారు. లెక్క సున్నాకి వెళ్ళిందని దానర్థం. ఆ సున్నా గ్రీన్విచ్ సమయం ప్రకారం అర్ధరాత్రి. మన దేశంలో అది ఉదయం 5:30.

గడియారం లేని కంప్యూటర్లు

ఇళ్ళల్లోకి, దుకాణాల్లోకి వచ్చిన కంప్యూటర్ల కథ వేరు. 1981 ఆగస్టులో ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్ తెచ్చింది. దాంట్లో కరెంటు పోయినా నడిచే గడియారం లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ డాస్ అనే మూల ప్రోగ్రాము "ఈ రోజు తేదీ ఎంత, టైమెంత" అని అడిగేది. మనిషి టైపు చేయాలి. విసుగొచ్చి ఊరికే ఎంటర్ కొట్టేస్తే 1980 జనవరి 1 అని వేసుకునేది. డాస్ లెక్క మొదలు ఆ రోజే. ఆ కాలం నాటి ఎన్నో ఫైళ్ళ మీద 1980 జనవరి 1 అని ఉండటానికి కారణం ఇదే. అది రాసిన రోజు కాదు, ఎవరో తేదీ వేయని రోజు.

1984లో వచ్చిన ఐబీఎం ఏటీ మోడల్‌తో బ్యాటరీ మీద నడిచే గడియారం లోపలే పెట్టడం మొదలైంది. ఇప్పటి డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద బిళ్ళ లాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది చూశారా, దాని పని అదే. ఆ బిళ్ళ చచ్చిపోతే కంప్యూటరు తేదీ ఎప్పటికో వెళ్ళిపోతుంది. తేదీ తప్పైతే చాలా వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు. నెట్ పాడైందని మనం అనుకుంటాం. ఆ బిళ్ళ మారిస్తే సరిపోయే పని. ఆ తప్పు తేదీ ఉన్నప్పుడు విండోస్ వేస్తే మాత్రం, వేసిన తేదీగా ఆ తప్పే రాసుకుంటుంది. తర్వాత నెట్ తగిలి గడియారం సరైనా, రాసుకున్నది అలాగే ఉండిపోతుంది.

ఇంకో వింత. ఫైలు మీద తేదీ, టైము మనిషి కావాలని కూడా వేయొచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ళే చేశారు. 1994లో వచ్చిన ఎంఎస్ డాస్ 6.22 ఫైళ్ళన్నిటికీ టైము సరిగ్గా 6:22 అని ఉంటుంది. వెర్షన్ ఏదో తెలియడానికి టైమునే ముద్రగా వేశారు. కాబట్టి తేదీ కనపడగానే ఇది ఎవరు వేశారు, ఏ గడియారం చూసి వేశారు అని అడగాలి.

సంవత్సరానికి రెండంకెలే వాడిన పాపం 2000 సంవత్సరంలో ఎలా బయటపడిందో మనవాళ్ళకి బాగా తెలుసు. 99 తర్వాత 00 వస్తే 1900 అనుకుంటాయని ప్రపంచమంతా కంగారుపడింది. ఆ పాత ప్రోగ్రాములు దిద్దడానికి మన తెలుగు కుర్రాళ్ళు ఎంతోమంది హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని అమెరికా వెళ్ళారు. మన జిల్లాల్లో పొలాల మధ్య కనిపించే కొన్ని డాబాల పునాది ఆ రెండంకెలే.

విండోస్ రాసుకునే తేదీ

1993లో విండోస్ ఎన్‌టీ వచ్చింది. ఇప్పుడు మనం వాడే విండోస్ అంతా ఆ వంశమే. దీని లోపలి లెక్క 1601 జనవరి 1 నుంచి మొదలవుతుంది. అప్పటికి చార్మినార్ కట్టి పదేళ్ళు. 1601 ఎందుకంటే లీపు సంవత్సరాల వరస 400 ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది, ఆ 400 ఏళ్ళ చుట్టు మొదలు అది. లెక్క తేలిక.

కానీ విండోస్ ఎప్పుడు వేశారు అనే తేదీ మాత్రం యూనిక్స్ లెక్కలో, అంటే 1970 నుంచి సెకన్లలో రాసుకుంటుంది. రిజిస్ట్రీ అనే లోపలి ఖాతాలో ఇన్‌స్టాల్ డేట్ అనే పేరుతో ఒక పెద్ద అంకె ఉంటుంది. ఉదాహరణకి ఆ అంకె 150 కోట్లు అనుకోండి. రోజుకి 86,400 సెకన్లు. భాగిస్తే 17,361 రోజుల పైచిలుకు. ఏడాదికి 365.25 చొప్పున చూస్తే 47 ఏళ్ళ ఆరున్నర నెలలు. 1970కి కలిపితే 2017 జూలై 14, మన టైము ఉదయం 8:10. క్యాలిక్యులేటర్ ఉంటే మనమే తేల్చుకోవచ్చు.

అంత కష్టం కూడా అక్కర్లేదు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి సిస్టమ్‌ఇన్ఫో అనే కమాండ్ ఉంది. స్టార్ట్ దగ్గర సీఎండీ అని కొట్టి, వచ్చిన నల్లటి కిటికీలో సిస్టమ్‌ఇన్ఫో అని ఇంగ్లీషులో ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ కొడితే వరసగా వివరాలొస్తాయి. అందులో ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్ అని ఒక లైను ఉంటుంది. ఒరిజినల్ అన్నారు కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు.

2015 తర్వాత మారిన సంగతి

ఎక్స్‌పీ, విండోస్ 7 కాలంలో ఆ తేదీని చాలావరకు నమ్మొచ్చు. ఒకసారి వేస్తే మళ్ళీ ఫార్మాట్ చేసేదాకో, కొత్త విండోస్‌కి మారేదాకో అదే ఉండేది. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8.1 ఉన్నవాళ్ళకి మొదటి ఏడాది ఉచితంగా ఇచ్చారు. పద్ధతి కూడా మార్చారు. కొన్నేళ్ళకోసారి కొత్త విండోస్ అమ్మే బదులు, ఉన్న విండోస్ 10కే కొన్ని నెలలకోసారి పెద్ద అప్‌గ్రేడ్ పంపడం మొదలుపెట్టారు. మొదటిది 2015 నవంబర్లో, తర్వాతది 2016 ఆగస్టులో, ఆ తర్వాతది 2017 ఏప్రిల్లో.

ఈ పెద్ద అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు లోపల జరిగేది మామిడి తోటలో మనం చేసేదే. పాత చెట్టు కొమ్మలు కొట్టేసి కొత్త రకం అంటు కడతాం. మొద్దు పాతదే, వేరు పాతదే, కాయ మాత్రం కొత్త రకం. విండోస్ కూడా మన ఫైళ్ళు అలాగే ఉంచి, పాత విండోస్‌ని పక్కకి తీసి కొత్తది పూర్తిగా వేసుకుంటుంది. అప్పుడు ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్ కూడా ఆ రోజుకి మారిపోతుంది. 2012లో కొన్న కంప్యూటరు మీద 2022 అని కనపడటంలో ఎవరి మోసమూ లేదు. అది అంటు కట్టిన తేదీ. నెలనెలా వచ్చే చిన్న అప్‌డేట్లకి మాత్రం ఇది మారదు.

పాత మొద్దు ఆనవాళ్ళు పూర్తిగా పోవు. రిజిస్ట్రీలో సిస్టమ్ అనే విభాగం కింద సెటప్ అని ఉంటుంది. పెద్ద అప్‌గ్రేడ్ జరిగినప్పుడు అక్కడ సోర్స్ ఓఎస్ అని, పక్కనే అప్‌డేట్ అయిన తేదీతో ఒక ఫోల్డరు మిగులుతుంది. దాన్ని తెరిస్తే అంతకుముందున్న విండోస్ వేసిన తేదీ ఉంటుంది. లింకు డాక్యుమెంట్లు వరసగా తీసి చూసినట్టు వెనక్కి వెళ్ళొచ్చు. అక్కడ చూడటం వరకే, ఏదీ మార్చకండి. పొరపాటున ఏదైనా తుడిచేస్తే కంప్యూటరు లేవకపోవచ్చు. ఫార్మాట్ కొట్టి కొత్తగా వేస్తే మాత్రం ఈ ఆనవాళ్ళు కూడా పోతాయి. ఒక డిస్కుని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి కాపీ చేస్తే తేదీ కూడా దాంతోపాటే వెళ్తుంది. నిన్న కొన్న డిస్కు మీద కూడా ఐదేళ్ళ నాటి ఇన్‌స్టాల్ తేదీ కనపడొచ్చు.

సీ డ్రైవ్‌లో ఫోల్డర్ల తేదీలు చూసి లెక్కకట్టే వాళ్ళూ ఉన్నారు. దాంట్లో ఒక తిరకాసు ఉంది. చాలా విండోస్ 10 కంప్యూటర్లలో పెర్ఫ్‌లాగ్స్ అనే ఫోల్డరు మీద 2019 డిసెంబర్ 7 అని ఉంటుంది. ఊళ్ళో ఉన్న కంప్యూటర్లన్నీ ఒకే రోజు కొన్నారా? కాదు. అది మైక్రోసాఫ్ట్ వాళ్ళ దగ్గర ఆ విండోస్ తయారైనప్పటి తేదీ. విత్తనాల సంచి మీద ప్యాకింగ్ తేదీ ఉంటుంది, మనం విత్తిన తేదీ వేరు. రెండూ కలపకూడదు.

మరి వయసు తేల్చేదెలా?

ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదు. నలుగుర్ని అడిగి, ఎవరి మాట ఎవరితో కలుస్తుందో చూడాలి.

మొదటి సాక్షి ఇన్‌స్టాల్ తేదీ. ఇది చివరి పెద్ద మార్పు ఎప్పుడో చెబుతుంది, అంతవరకే.

రెండో సాక్షి బయోస్ తేదీ. సిస్టమ్‌ఇన్ఫో చూపించే వివరాల్లోనే బయోస్ వెర్షన్ అనే లైనులో ఉంటుంది. బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రాము, బోర్డు మీదే ఉంటుంది. ఫార్మాట్ కొట్టినా ఇది మారదు. విండోస్ 2024 అని, బయోస్ 2013 అని ఉంటే పెట్టె పాతదే. బయోస్‌ని కూడా కొందరు అప్‌డేట్ చేస్తారు కాబట్టి, కొత్త తేదీ ఉన్నంత మాత్రాన కొత్తదని మాత్రం అనుకోవద్దు.

మూడో సాక్షి ప్రాసెసర్. ఇంటెల్ ఐ3, ఐ5, ఐ7 పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. ఇప్పుడు అమ్మకానికి వచ్చే పాత డెస్క్‌టాప్‌లలో అందులో మొదటి అంకె తరాన్ని చెబుతుంది. 3తో మొదలైతే మూడో తరం, 2012 నాటిది. 4 అయితే 2013. 8 అయితే 2017. ఎద్దు పళ్ళ లాంటిదిది. ఫార్మాట్ కొడితే మారేది కాదు.

నాలుగో సాక్షి హార్డ్ డిస్కు. తాను ఎన్ని గంటలు నడిచిందో డిస్కు లోపలే రాసుకుంటుంది. పవర్ ఆన్ అవర్స్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము చూపిస్తుంది. ట్రాక్టర్ అవర్ మీటర్ అనుకోండి. ఆఫీసులో రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 2,400 గంటలు. 15,000 గంటలు కనపడితే ఆరేళ్ళ పైన నడిచిందని అర్థం. డిస్కు మార్చి ఉంటే మాత్రం ఇది డిస్కు వయసే తప్ప పెట్టె వయసు కాదు.

అవర్ మీటర్‌ని వెనక్కి తిప్పేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. 2025 మొదట్లో జర్మనీలో సీగేట్ డిస్కులు కొత్తవని కొన్న కొందరికి అవి వేల గంటలు వాడినవని తేలింది. పైకి కనపడే గంటల లెక్క సున్నా చేసి అమ్మారు. తాము అలా అమ్మలేదని సీగేట్ కంపెనీ చెప్పింది. పట్టుబడింది ఎలాగంటే, ఆ డిస్కుల లోపల ఇంకో రహస్య లెక్క ఉంది, దాన్ని చెరపలేదు. ఆ లెక్క పేరు ఫార్మ్. ఫీల్డ్ యాక్సెసిబుల్ రిలయబిలిటీ మెట్రిక్స్ అనే మాటలకి పొట్టి పేరు. మొత్తానికి దొంగని పట్టించింది ఫార్మే!

మీ ఇంట్లో ఉన్న కంప్యూటరే అయితే ఇంకో సాక్షి కూడా ఉంది, మీ పాత ఫైళ్ళు. ఇక్కడో సంగతి గుర్తు పెట్టుకోండి. ఫైలుకి క్రియేటెడ్ అని, మాడిఫైడ్ అని రెండు తేదీలుంటాయి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేస్తే క్రియేటెడ్ ఈ రోజుకి మారుతుంది, మాడిఫైడ్ పాతదే ఉంటుంది. అందుకే పుట్టకముందే మార్చినట్టు కనపడుతుంది. సంఘం లెక్కల ఫైలు మీద తేదీ తేడా ఉందని ఒకరి మీద ఒకరు అనుమానపడే ముందు ఈ సంగతి చూసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెచ్చినా ఇలాగే జరుగుతుంది. కంప్యూటర్లో తేదీ ఒక్కటే చూసి మనిషిని దొంగ అనకూడదు. అలాగని అదొక్కటే పట్టుకుని నాది నిజం అని కూడా వాదించకూడదు. చిట్టాలో సంతకం, బ్యాంకు పాసుబుక్కు, రసీదు కూడా పక్కన పెట్టి చూడాలి.

వయసు తెలిస్తే ఏంటి లాభం?

డబ్బు సంగతి ఒకటి. ఏడాది పాతదనుకుని ఇచ్చే ధర వేరు, పదేళ్ళ పాతదానికి ఇచ్చే ధర వేరు. రెండోది ఇంకా ముఖ్యం. విండోస్‌కి కూడా గడువు ఉంటుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. అదనపు భద్రతకి కొంతకాలం వేరే పథకం పెట్టారు గానీ, అది తాత్కాలికమే. గడువు దాటితే కంప్యూటరు ఆగిపోదు, కానీ కొత్తగా బయటపడే లోపాలకి మందు రాదు. దాంట్లో బ్యాంకు పని, సంఘం సభ్యుల ఆధార్ వివరాలు పెట్టుకోవడం కంచె లేని చేను లాంటిది.

విండోస్ 11 వేసుకోవాలంటే ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే కంపెనీ ఒప్పుకుంటుంది. మూడో తరం పెట్టె మీద నిన్ననే విండోస్ 10 వేసి, నిన్నటి తేదీ చూపించి అమ్మితే మనం కొన్నది గడువైపోయిన సరుకే. కొత్త సంచిలో పోసిన పాత విత్తనం. అలాంటి పెట్టె ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే పిల్లల చదువుకి ఇంకొన్నేళ్ళు పనికొస్తుంది.

చివరిగా ఒక తేదీ. యూనిక్స్ సెకన్ల లెక్కని పాత పద్ధతిలో చిన్న గడిలో రాసే యంత్రాలు ఇంకా ఉన్నాయి. ఆ గడిలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాకానే పడుతుంది. 2038 జనవరి 19న, మన టైము ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి అది నిండుతుంది. తర్వాతి సెకనుకి అలాంటి యంత్రం 1901లోకి వెళ్ళిపోతుంది. కొత్త కంప్యూటర్లు, ఫోన్లలో గడి పెద్దది చేశారు కాబట్టి కంగారు లేదు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోకుండా నడిచే పాత పెట్టెలకే ఇబ్బంది.

కాబట్టి పాత కంప్యూటరు బేరానికి వెళ్ళేటప్పుడు ఇన్‌స్టాల్ తేదీ చూడండి, కానీ దాంతో ఆగిపోకండి. బయోస్ తేదీ, ప్రాసెసర్ నంబరు, డిస్కు గంటలు, ఈ మూడూ కాగితం మీద రాసుకుని ధర మాట్లాడండి. మొత్తం చూడటానికి పావుగంట కూడా పట్టదు. చూడనివ్వను అన్నవాడి దగ్గర కొనొద్దు. పళ్ళు చూపించని ఎద్దుని మనమెప్పుడైనా కొన్నామా?

ఉంటాను. అందరూ చల్లగా ఉండాలి, పంటలు బాగా పండాలి.